నాయినకు ఆశ్రమం చూస్తున్న, లోపల మంచిగ చూసుకుంటరో లేదో ఎట్ల పట్టుకోవాలె?

మర్రిగూడ బిడ్డ:

అందరికి నమస్తె. చాన రోజుల సంది ఇక్కడ చదువుడే గని రాసింది లేదు. ఇయ్యాల నాకే అవసరం పడ్డది.

మా నాయినకు 78 ఏండ్లు. మాది మర్రిగూడ దిక్కు పల్లె. ఫ్లోరైడు నీళ్లు తాగిన తరం ఆయనది. నలభై ఏండ్లకే మెడ పట్టేసింది, తర్వాత నడుం వంగింది. ఎవరన్న ఎనుకనుంచి పిలిస్తె తల తిప్పడు, మనిషే మొత్తం తిరుగుతడు. కింద కూసునుడు బందై ఇరవై ఏండ్లు దాటింది. అయినా మొన్న మొన్నటిదాంక కట్టె పట్టుకోని బర్రె కాడికి పోయొచ్చేటోడు. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నయి, మంచిదే, కని బొక్కలల్ల కూసున్నది ఎక్కడికి పోతది?

ఉగాది ముందల బాత్రూంల జారి పడ్డడు. తుంటి బొక్క ఇరిగింది. డాక్టరు ఎక్స్‌రే లైటుకు పెట్టి "సుద్దముక్క లెక్క ఎంత తెల్లగున్నదో చూడమ్మా, చూస్తె గట్టిగనే కొడ్తది, కని పెళుసు" అన్నడు. ఆపరేషన్ అయ్యింది. ఇప్పుడు మంచంలనే. ఇద్దరం పట్టుకుంటె కుర్చీల అర్ధగంట కూసుంటడు. అమ్మ పోయి ఆరేండ్లు.

తమ్ముడు మిర్యాలగూడల రైసుమిల్లు లారీ నడుపుతడు. పోతె నాలుగు రోజులకు ఇంటికొస్తడు. మరదలు రెండు నెలలు ఒక్కతే చేసింది. ఆమెను ఒక్క మాట అంటె నా కండ్లు పోతయి. ఆఖరుకు ఆమె నడుమే పట్టేసింది. నేను ఎల్బీనగర్ల రెండు రూములల్ల కిరాయికుంట. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పొద్దున 8కి పోతె మాపటికి 7 అయితది. ఇంటికాడ మనిషిని పెట్టి చూసినం, మూడు నెలల్ల ముగ్గురు మారిన్రు. మూడో పిల్లగాడు నాయిన ఫోను తీస్కపోయిండు, అది వేరే కత.

అందుకని ఆశ్రమాలు చూస్తున్నం. ఇప్పటికి రెండు చూసినం.

ఒకటి చౌటుప్పల్ దాటినంక హైవే పక్కకు. నెలకు 22 వేలు, అడ్వాన్సు లక్ష. ముందల లాన్, నీళ్లు ఎగజిమ్మే ఫౌంటెను, సాయిబాబా గుడి. మేనేజరు ఏసీ రూముల కూసోవెట్టి చాయ్ ఇచ్చిండు, ఆల్బం చూపెట్టిండు. పుట్టినరోజు కేకులు, సంక్రాంతి ముగ్గులు, తాతలకు రాకీలు. ఫిజియోథెరపీ రూం అని చూపెట్టిండు, మిషనుకు ఇంకా ప్లాస్టిక్ కవరు కూడ తియ్యలే. కింద రెండు గదులు చూసినం. పైకి పోతం అంటె "పేషెంట్లు పండుకున్నరు మేడం, డిస్టర్బ్ అయితరు" అన్నడు. టైము పదకొండున్నర.

రెండోది నల్లగొండలనే, పానగల్లు పోయే దిక్కు. పాత మేడ. 13 వేలు, అడ్వాన్సు ఒక నెలది. గోడలకు రంగు పోయింది, దండెం మీద చెద్దర్లు ఆరేసి ఉన్నయి. నడిపే ఆమె ఇద్దరు ముసలమ్మలతోటి కూసోని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది. లేవను కూడ లేవలే. "లోపలికి పోయి చూసుకో బిడ్డా" అన్నది. పోయిన. 24 మంది ఉన్నరంట. ఏం చూడాలెనో తెల్వక గోడలు చూసి వచ్చిన.

తమ్ముడు మొదటిదే ఖాయం చేద్దామంటడు. నాయిన "నన్ను బాయికాడ పండవెట్టుర్రి, చాలు" అంటడు.

నా ప్రశ్న ఒక్కటే. నేను డాక్టరును కాదు, నర్సును కాదు. నా లెక్క ఏం తెల్వని మనిషి పోయి ఏం చూస్తె లోపలి సంగతి ఎరుకైతది? "కన్న తండ్రిని ఇంట్ల పెట్టుకోవాలె గని" అనేటోళ్లు దయచేసి రాయకుర్రి. ఆ మాట అననీకి మా ఊర్లె మస్తు మంది ఉన్నరు.

నకిరేకల్ రాజు:

అక్కా, గూగుల్ల స్టార్లు చూసి మోసపోకుర్రి. మా మేనత్తను చేర్చిన కాడ 4.8 ఉండె. నేను ఒక రోజు కూసోని ఆ రివ్యూలు మొత్తం చదివిన. రాసినోళ్లల్ల సగం మంది పుట్టినరోజుకో సంవత్సరీకానికో వచ్చి అన్నదానం చేసి, ఫొటో దిగి, గంటల పోయినోళ్లు. వాళ్లకు ఆశ్రమం బంగారం లెక్కనే కనవడ్తది. లోపల ఉన్న ముసలోళ్లకు ఫోన్లే ఉండవాయె, ఇగ రివ్యూలు ఎక్కడ రాస్తరు?

సిస్టరమ్మ, పాలమూరు:

బిడ్డా, నేను సర్కారు దవాఖానల 31 ఏండ్లు స్టాఫ్ నర్సు చేసిన. రిటైరైనంక జడ్చర్ల దిక్కు ఒక ఆశ్రమంల నాలుగేండ్లు చేసి పోయినేడు మానేసిన. ఎందుకు మానేసిన్నో కిందికి చెప్త. జర పెద్దగనే రాస్తున్న, ఓపిక చేసుకోని చదువు.

రెండు చోట్లకు మల్ల పో, కని ఈపారి చెప్పకుండ పో. పొద్దుగాల పదింటికి ఏ ఆశ్రమమైనా పెండ్లింటి లెక్కనే ఉంటది. మాపటికి ఏడున్నరకు పో, లేకుంటె ఆదివారం పగటీలి పో. డ్యూటీలు మారే టైము, మనుషులు తక్కువుండే టైము అది. గేటు కాడనే ఆపి "రేపు రండి" అన్నరనుకో, సగం జవాబు ఆడనే దొరికినట్టు.

లోపల నిన్ను చూసి నవ్వి పలకరించేటోళ్ల కాడ ఎక్కువసేపు ఆగకు. వాళ్లకు నోరున్నది, కావల్సింది అడిగి తీసుకుంటరు. మంచం దిగనోళ్లు, మాట పడిపోయినోళ్లు మూల గదిల ఉంటరు. ఆడికి పో. ఆయమ్మను, అంటె ముసలోళ్ల పనులు చేసే ఆమెను, అడిగి ఒకరి కాళ్ల మీది చెద్దరు జరంత ఎత్తు. మడిమెలు చూడు. ఎర్రగున్న చోట వేలితోటి ఒత్తి ఇడిసిపెట్టు. తెల్లవడి మల్ల రంగొస్తె పర్వాలేదు. ఒత్తినా అట్లనే ఉంటె ఆడ పుండు మొదలైతున్నట్టు. మన నలుపు ఒంటికి ఎరుపు సరిగ కనవడదు, చెయ్యి పెట్టి చూస్తె చుట్టుపక్కల కంటె ఆడ వెచ్చగనో గట్టిగనో తగుల్తది. మడిమెలు చూసే ఇంటిల ఈపు కూడ చూస్తరు. మడిమెలు పగిలి నల్లగైతె, ఈపు తిప్పి చూడాల్సిన పనే లేదు.

పడక పుండు రాకుండ మంచంల ఉన్న మనిషిని రెండు గంటలకోపారి పక్క మార్చాలె. దానికి మంచానికి ఒక అట్ట ఏలాడేస్తరు, టైము, ఏ పక్క, ఎవరు మార్చిన్రు అని. అట్ట ఉన్నదా లేదా అని చూసి సంబురపడకు. నేను చేసిన కాడ ఒకనాడు సాయంత్రం నాలుగింటికి చూస్తె, రాత్రి పదింటి దాంక రాసి ఉన్నది. ఎడమ, ఎల్లకిల, కుడి, ఎడమ. ఒకటే పెన్ను, ఒకటే చెయ్యి. ఇంకా రాని ఆరు గంటలకు ఆ ముసలాయనను తిప్పేసిన్రు కాయితం మీద. కాబట్టి నువ్వు పోయిన టైము ఎంత, అట్ట మీద చివరి గీత ఏ టైముది, మనిషి నిజంగ ఆ పక్కకే ఉన్నడా, ఈ మూడు కలుస్తున్నయా చూడు. దానికి నర్సు చదువు అక్కర లేదు.

మీ నాయిన సంగతి ఇంకో తీరు. ఫ్లోరైడు వంపు ఉన్నోళ్లను పండవెట్టుడు అందరికి రాదు. ఎల్లకిల పెడితె తల పరుపుకు ఆనదు, గాల్ల నిలవడ్తది. బరువంత గూని మీద, పిర్రల మీద పడ్తది. తల కింద, మెడ సందుల మెత్తలు పెట్టి నింపాలె. పిక్కల కింద ఒక మెత్త పెట్టి మడిమెలు పరుపుకు తగలకుండ చెయ్యాలె. ఆపరేషన్ దిక్కు పండవెట్టొచ్చునా, ఎప్పటిసంది, ఇది మీ డాక్టరు తోటి రాపిచ్చుకో. ఆశ్రమంల నర్సునో పెద్దామెనో అడుగు, "మా నాయినను ఎట్ల పండవెడ్తరు?" అని. "మా కాడ ఎయిర్ బెడ్ ఉన్నది మేడం" అని ఒక్క ముక్కల తెంపితె ఆమెకు పని తెల్వదు. తిరిగి నిన్నే నాలుగు ప్రశ్నలు అడిగిందనుకో, ఆమె చేతులతోటి చేసిన మనిషి.

ఎయిర్ బెడ్ అంటె పంపుతోటి గాలి నింపే పరుపు. అది ఉంటె మాత్రం పంపు నడుస్తున్నదా చూడు. చప్పుడైతున్నదని రాత్రి బంద్ చేసేటోళ్లను చూసిన.

బువ్వ టైముకు ఉండు. పండ్లు లేనోళ్లకు ఒక గిన్నె మెత్తటి బువ్వ తినిపియ్యాలంటె ఇరవై నిమిషాలన్న పడ్తది. ఐదు నిమిషాల్ల గిన్నె ఖాళీ అయ్యిందంటె అది బకెట్లకు పోయింది. పండవెట్టి నోట్ల పొయ్యొద్దు, పొర పోయి ఊపిరితిత్తుల్లకు దిగుతది. ఎంత లేస్తె అంత లేపి కూసోవెట్టాలె, తిన్నంక కూడ అర్ధగంట అట్లనే ఉంచాలె. మెడ వంగనోళ్లకు ఇది ఇంకా కష్టం. చేర్చిన రోజే తూకం రాపిచ్చు. 60 కిలోల మనిషి నెలల 3 కిలోలు తగ్గితె ఊకోవద్దు, ఎందుకని అడగాలె. నిలవడలేనోళ్లకు మోచెయ్యి పైన దండ చుట్టు టేపు పెట్టి కొలుస్తరు, అదైనా చాలు.

నీళ్ల గిలాస ఎక్కడున్నదో చూడు. చెయ్యి అందే కాడ ఉన్నదా, బల్ల అవతలి కొసకు ఉన్నదా. వయసు పెరిగితె దప్పికే తక్కువైతది, మనం ఇస్తెనే తాగుతరు. కొన్ని కాడ్ల డైపర్ తడుస్తదని నీళ్లు ఇచ్చుడే తగ్గిస్తరు. యూరిన్ బ్యాగు ఉన్నోళ్లయి చూడు, రంగు చాయ్ లెక్క ఉంటె నీళ్లు తాగిపిస్తలేరని. బ్యాగు నేల మీద పొర్లుతున్నా, మంచం మీద మనిషి పక్కన పెట్టినా అది గలీజు పనే.

ఇగ రాత్రి. "ఇరవై నాలుగు గంటలు స్టాఫ్ ఉంటరు" అని అందరు అంటరు. డ్యూటీ చార్టు అడుగు. నిన్నటి రాత్రి పేర్లు ఎన్ని ఉన్నయో లెక్కవెట్టు. మంచంల ఉన్న మనిషిని సరిగ తిప్పాలంటె ఇద్దరు కావాలె. రాత్రి ఒక్కతె ఉన్నదంటె ఎవ్వరినీ తిప్పుతలేరు. పగటీలి మూడింటికి అందరు ఒక్క తీరుగ గురక పెడ్తున్నా అనుమానపడు. నిద్రమాత్ర అన్నింటికంటె చౌక ఆయమ్మ.

మానేసిన సంగతి చెప్తనంటి కద. ఆ అట్ట తీస్కపోయి ఓనరు ముందల పెట్టిన. "రాసి ఉన్నది కద సిస్టర్, ఇన్‌స్పెక్షనుకు ఇది చాలు" అన్నడు. మర్నాడు పోలే.

కోస్గి మేస్త్రి, పుణె:

నేను పుణెల షట్టరింగ్ పని చేస్త. మా అమ్మను రెండేండ్ల కింద ఒక ఆశ్రమంల పెట్టిన. పేరు వద్దు. ఆదివారం ఆదివారం వీడియో కాల్ చేసేటోన్ని. ఫోను ఎప్పుడూ మేనేజరు చేతుల్నే ఉంటుండె. అమ్మకు బొట్టు పెట్టి, నెత్తి దువ్వి, మొఖం చూపెట్టేటోళ్లు. "మంచిగున్న కొడుకా" అనేది. దసరాకు వచ్చి లేపి కూసోవెడితె చీర ఈపుకు అంటుకోని రాలే. పిడికిలంత పుండు. ఎనిమిది నెలలు మొఖమే చూసిన అక్కా, మొఖమే.

సిస్టరమ్మ రాసింది నాకు అప్పుడు ఎవరన్న చెప్తె బాగుండు. వీడియో కాల్ చేస్తె ఫోను కాళ్ల దిక్కు తిప్పమను, ఈపు దిక్కు తిప్పమను. సిగ్గుపడకు.

మర్రిగూడ బిడ్డ:

అన్నా, చదువుతుంటె కడుపుల దేవినట్టయ్యింది. అమ్మ ఇప్పుడెట్లున్నది?

కోస్గి మేస్త్రి, పుణె:

ఇంటికి తెచ్చుకున్నం. మా పెద్దమ్మ బిడ్డ చూసుకుంటున్నది, నెలకింత అని పంపుతున్న. పుండు మానుడుకు ఐదు నెలలు పట్టింది. ఇప్పుడు తిడుతున్నది కూడ, అంటె మంచిగైనట్టే.

ఆయమ్మ:

మాట్లాడుతుంటె ఫోను రాస్తున్నది, తప్పులుంటె ఏమనుకోకుర్రి. నేను ఆశ్రమంలనే చేస్త, ఊరు చెప్ప. నెలకు 9 వేలు, పన్నెండు గంటల డ్యూటీ, నా మీద 14 మంది. అందుల ఆరుగురు మంచంలనే. సిస్టరమ్మ చెప్పిన లెక్క రెండు గంటలకోపారి ఆరుగురిని తిప్పి, ఇరవై నిమిషాలు తినిపియ్యాలంటె నాకు పన్నెండు గంటలు సరిపోతయా, మీరే లెక్కెయ్యుర్రి. అట్ట మీద ముందుగాల రాసుడు తప్పే. రాయకుంటె జీతం కోస్తరు.

అక్కా, నువ్వు పోయిన కాడ మేనేజరును కాదు, నా లాంటిదాన్ని అడుగు. ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్, జీతం ఒకటో తారీఖుకే వస్తదా అని. ఆయమ్మలు మూడు నెలలకొకతె మారే కాడ మీ నాయిన ఏ దిక్కు పండుకుంటడో ఎవరికి యాదుంటది? గ్లౌజులు మా చేతులకున్నయా, ఆఫీసు బీరువల ఉన్నయా చూడు.

ఇంకోటి ఉన్నది. అనొద్దు గని ఉన్న మాట. ఎవలింటోళ్లు ఎప్పుడొస్తరో తెల్వదో, ఆ మంచం కాడికే మేం ముందుగాల పోతం. ఎవలూ రానోళ్ల కాడికి ఆఖరుకు పోతం. నాకూ మంచిగనిపియ్యదు. కని గట్లనే అయితది.

నాగర్‌కర్నూల్ రిటైర్డ్:

రెవెన్యూలో పనిచేసి విరమించాను. కాగితాల విషయం రెండు ముక్కల్లో చెప్తాను, మిగతాది సిస్టర్ గారు చెప్పినదానికి నేను చేర్చేది లేదు.

చాలామంది "రిజిస్టర్డ్ ఆశ్రమం" అన్న బోర్డు చూసి నమ్ముతారు. సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్ట్రేషన్ ఉందంటే ఆ సంస్థ కాగితం మీద పుట్టిందని మాత్రమే అర్థం. లోపల పుండ్లు ఉన్నాయో లేవో ఆ సర్టిఫికెట్ చెప్పదు. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టంలో ప్రతి జిల్లాకు కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు ఉండేలా ఒక ఆశ్రమం ప్రభుత్వం పెట్టవచ్చని 19వ సెక్షన్‌లో ఉంది. ఆ చట్టం ప్రధానంగా పిల్లల బాధ్యత గురించి. ఆర్డీఓ స్థాయికి తగ్గని అధికారి ట్రిబ్యునల్‌గా కూర్చుంటారు, వకీలు అక్కర్లేదు, నెలకు 10 వేల దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. మీ ఇంట్లో ఆ గొడవ లేదు కాబట్టి వదిలేయండి.

మీకు పనికొచ్చేది, ఆశ్రమం వాళ్లతో రాతపూర్వకంగా పెట్టుకోవలసిన నాలుగు మాటలు. ఒంట్లో బాగాలేకపోతే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు, తోడు ఎవరు వెళ్తారు, మీకు ఎంతసేపట్లో ఫోన్ చేస్తారు, మధ్యలో తీసుకెళ్తే అడ్వాన్సు ఎంత తిరిగి ఇస్తారు. లక్ష అడ్వాన్సు అన్న చోట ఈ చివరి మాట ముందు అడగండి. భూమి రాసిస్తే జీవితాంతం చూసుకుంటామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి రండి.

ఏదైనా తేడా కనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు మరచిపోవద్దు. ఇది నేను అర్జీలు తీసుకునే వైపు కూర్చున్నవాడిగా చెప్తున్న మాట.

మర్రిగూడ బిడ్డ:

పది రోజులైంది, సంగతి రాయకుంటె బాగుండదు. అందరికి దండాలు.

గురువారం డ్యూటీల నుంచి జర ముందుగాల బయటవడి చౌటుప్పల్ బస్సెక్కిన. ఏడుంబావుకు గేటు కాడ ఉన్న. వాచ్‌మెన్ ఆపిండు. మేనేజరుకు ఫోను, మేనేజరు ఎవరికో ఫోను. ఇరవై ఐదు నిమిషాలు నిలవడ్డ. ఫౌంటెను బందున్నది. లోపలికి పోతె మెట్ల మీద ఎవరూ ఆపేటోళ్లు లేరు, పైకెక్కిన. పదకొండు మంచాలు. టీవీ గట్టిగ మోగుతున్నది, చూసేటోళ్లు లేరు. ఆయమ్మ ఒక్కతె, పాపం ఇరవై ఏండ్లు కూడ ఉండవు. ఒక అవ్వ కుడి చెయ్యిని పాత చున్నీ ముక్కతోటి మంచం పట్టెకు కట్టిన్రు. "ముక్కు పైపు పీకేస్తది మేడం" అన్నది పిల్ల. నీళ్ల గిలాస కిటికీల ఉన్నది. అవ్వకు అదెట్ల అందుతది?

ఎయిర్ బెడ్లు మూడు ఉన్నయి, అబద్దం చెప్పద్దు. కిటికీ పక్కదాని పంపు చప్పుడైత లేదు. వంగి చూసిన. పంపు ప్లగ్గు కింద పడి ఉన్నది, ఆ బోర్డుకు సెల్లు చార్జింగు పెట్టి ఉన్నది. పరుపు మీద చెయ్యి పెడితె మంచం చెక్క తగిలింది. ఆ పిల్లను ఏమనాలె? ఆయమ్మక్క రాసింది యాదికొచ్చింది. నేనే సెల్లు తీసి పంపు పెట్టి వచ్చిన.

తెల్లారి శుక్రవారం నల్లగొండ పోయిన, తమ్మున్ని కూడ తోల్కపోయిన. పోయేసరికి కరెంటు లేదు. తలుపు తీసే ఉన్నది. చార్జింగు లైటు పట్టుకోని ఒక పిల్లగాడు, ఆ పెద్దామె కలిసి ఒక తాతను పక్కకు తిప్పుతున్నరు. మమ్మల్ని చూసి "జర ఆ మెత్త అందియ్యి నాయినా" అని తమ్మునికే పని చెప్పింది. అంత మంచిగున్నదని అనను. బాత్రూంల పట్టుకోనీకి రాడ్లు లేవు. మెట్లే ఉన్నయి, వీల్‌చైరు పోయే ర్యాంపు లేదు. నర్సు పగలే, రాత్రి ఉండదు. అట్టలు లేవు, ఒక లాంగ్ నోటుబుక్కుల రాస్తరు, అది కూడ రోజూ రాయలే. నేను మడిమెలు చూడొచ్చా అంటె ఎందుకని అడగలే. ఒక అవ్వకు ఎడమ మడిమె నల్లగున్నది. నేను చూసేకంటె ముందే ఆమే చెప్పింది, "దవాఖానల నుంచి ఇట్లనే వచ్చింది, మొదాలు ఇంకా పెద్దగుండె" అని. నోటుబుక్కుల పాత తారీఖు తీసి చూపెట్టింది, ఎంత ఉండెనో పెన్నుతోటి గుండ్రంగ గీసి ఉన్నది, పక్కన ఇంకో చిన్న గుండ్రం.

సిస్టరమ్మ చెప్పినట్టు అడిగిన, మా నాయినను ఎట్ల పండవెడ్తవు అని. ఆమె జవాబు చెప్పలే. "మెడ ఎత్తలేడు కద, నీళ్లు ఎట్ల తాగుతడు? గిలాసనా, స్ట్రానా? మునుగోడు తాత ఒకాయన ఉండె మా కాడ, ఆయన స్ట్రా పెడితె తప్ప తాగకపోయేది" అన్నది. తమ్ముడు నా దిక్కు చూసిండు.

ఒక నెల చూద్దామని అక్కడ్నే మాట్లాడినం. రాడ్లు, ర్యాంపు తమ్ముడే మేస్త్రీని పెట్టి చేపిస్తడు, ఆ పైసలు రెండో నెల కిరాయిల పట్టుకుంటమన్నది. కాయితం రాసుకున్నం, దవాఖాన మాట, అడ్వాన్సు మాట అన్నీ అందుల ఉన్నయి. రాత్రికి రెండో మనిషిని పెట్టమంటె ఆమె ఒప్పుకోలే, ఆ పిల్లగాడు ఆడ్నే పంటడంట. ఇది నాకు ఇంకా గుబులుగనే ఉన్నది. నేను, తమ్ముడు, మరదలు చీటీలు ఏసుకున్నం, ఎవరు ఏ రోజు పోవాలెనో మాకే ముందుగాల తెల్వకుండ.

నాయినకు చెప్తె చాన సేపు మాట్లాడలే. తర్వాత "ఆడ బయట మంచమేస్తరా?" అన్నడు. ఎనుక యాప చెట్టున్నది, ఏస్తరు. సోమవారం తోల్కపోతున్నం. ఎయిర్ బెడ్ మాదే, బోర్డు దూరమున్నది కాబట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సు కొన్న, సెల్లు పెట్టుకునేటందుకు ఇంకో రెండు సాకెట్లు ఉన్నదే చూసి తెచ్చిన.

సిస్టరమ్మా, ఒక్కటే అనుమానం. చెట్టు కింద ఎయిర్ బెడ్ లేకుండ ఎంతసేపు పండవెట్టొచ్చు?

సిస్టరమ్మ, పాలమూరు:

మొదాలు అర్ధగంట పెట్టి, లోపలికి తెచ్చినంక గూని, పిర్రలు, మడిమెలు చూడు. గుర్తులు లేకుంటె గంట దాంక పోవచ్చు, అంతకు మించొద్దు. నవారు మంచమా, నులకనా? ఏదైనా మీద బొంత మందంగ ఏయి, గూని కాడ మడత రాకుండ చేతితోటి సాపు చెయ్యి. ఎండ కాళ్ల మీదికి జరిగితె మంచం జరపమను, మనిషిని కాదు.